లైనక్స్‌లో ప్రింట్ తీస్తే అంచులెందుకు తెగుతాయి?

తెర మీద పేజీ పద్ధతిగానే కనిపిస్తుంది. ప్రింట్ చేతికొచ్చాక చూస్తే చివరి వరుస మాయమై ఉంటుంది, లేదా కుడివైపు అక్షరాలు సగానికి తెగి ఉంటాయి. వెంటనే చాలామంది డాక్యుమెంట్ మార్జిన్లు పెంచేస్తారు. ఆ ఒక్క ఫైల్‌కు గండం గడుస్తుంది. మరో ఫైల్‌ను మరో ప్రోగ్రామ్ నుంచి పంపగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. మార్జిన్ సమస్య అనిపించేవాటిలో ఎక్కువ భాగం నిజానికి కాగితం సైజు తగాదాలే: దారిలో ఒకరు ఏ4 అంటే ఇంకొకరు లెటర్ (అమెరికా కాగితం సైజు) అంటున్నారు. ఎవరు ఏమంటున్నారో కనుక్కోకుండా మార్జిన్ అంకెలు మారుస్తూ పోతే, అసలు తప్పు అలాగే ఉండి, దాని మీద ఇంకో తప్పు చేరుతుంది.

కింద ఇచ్చిన కమాండ్లన్నీ పలికే తీరులో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడాలి. వేరుగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

పేజీ ఎన్ని చేతులు మారుతుంది

ఫైల్‌లోనే ఒక పేజీ సైజు రాసి ఉంటుంది. దాన్ని తెరిచిన ప్రోగ్రామ్‌కు తన పేజీ సెటప్ వేరే ఉంటుంది. ప్రింట్ డైలాగ్ మూడో సైజు చూపించవచ్చు. అక్కడి నుంచి పని కప్స్ చేతికి వెళ్తుంది. లైనక్స్‌లో దాదాపు ప్రతి డిస్ట్రిబ్యూషన్‌లోనూ ప్రింటింగ్ చూసేది ఇదే. 1999లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ను 2007లో యాపిల్ కొనుక్కుంది. ఇప్పుడు లైనక్స్ వైపు దీన్ని నడుపుతున్నది ఓపెన్‌ప్రింటింగ్ బృందం. కప్స్ లోపల ఫిల్టర్లు వరుసగా పనిచేస్తాయి. వచ్చిన ఫైల్‌ను ముందు పీడీఎఫ్‌గా సర్ది, ఆ తర్వాత ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మారుస్తాయి. ఆ మార్పులో ఫిల్టర్లకు కాగితం కొలతలు చెప్పేది పీపీడీ అనే వివరాల ఫైల్, లేదా ప్రింటర్ నెట్‌వర్క్ ద్వారా స్వయంగా చెప్పుకున్న సమాచారం. చివరగా ప్రింటర్‌కూ ఒక నమ్మకం ఉంటుంది: తన ట్రేలో ఫలానా సైజు కాగితం ఉందని. ట్రేలో నిజంగా ఏముందో దానికి తెలియకపోవచ్చు.

ఇన్ని చోట్లలో ఒక్కటి తేడా పడినా అంచు తెగుతుంది. రెండు చోట్ల తేడా పడితే ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని, ఒక ఫైల్ సరిగ్గా వచ్చి ఇంకోటి చెడుతుంది. వెతకడం కష్టమయ్యేది అప్పుడే.

ప్రింటర్ అంచు దాకా ఎందుకు వెళ్లదు

అన్ని కోతలూ పొరపాట్లు కావు. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను వేడి రోలర్ కాగితానికి అంటిస్తుంది. కాగితం ముందు అంచు ఆ రోలర్‌కు అతుక్కోకుండా ఊడి రావాలంటే అక్కడ టోనర్ ఉండకూడదు. అందుకే చాలా లేజర్ ప్రింటర్లు నాలుగు వైపులా 4.2 మి.మీ. ఖాళీ వదులుతాయి. పాయింట్లలో ఇది సరిగ్గా 12, అంటే అంగుళంలో ఆరో వంతు. ఇంక్‌జెట్లలో పక్కల 3 మి.మీ. సరిపోతుంది గానీ కింది అంచు దగ్గర చిక్కుంది. కాగితం చివరి భాగం వెనక రోలర్ నుంచి జారిపోయాక దాన్ని నిలకడగా పట్టుకునేది ఉండదు. పాత మోడళ్లు అందుకే కింద 12 మి.మీ. దాకా వదిలేసేవి. ఆటోమేటిక్‌గా రెండు వైపులా ముద్రించేటప్పుడు కొన్ని ఇంక్‌జెట్లు ఇప్పటికీ పైనా కిందా అంతే ఖాళీ అడుగుతాయి. ఒకవైపు ముద్రణలో బాగా వచ్చిన పేజీ రెండువైపుల ముద్రణలో ఫుటర్ పోగొట్టుకుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఈ ఖాళీ యంత్రానిది. మామూలు కాగితం మీద ఏ సెట్టింగూ దాన్ని తగ్గించలేదు. సాఫ్ట్‌వేర్ చేయగలిగింది ఆ ఖాళీ ఎంతో సరిగ్గా తెలుసుకుని పేజీని దాని లోపల సర్దడం మాత్రమే.

ముందు కొలత తీయండి

కంటితో చూసి ‘కొంచెం తెగింది’ అనుకుంటే పని జరగదు. ఒక కొలత పేజీ తయారు చేసుకుంటే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. లిబ్రెఆఫీస్ డ్రాలో ఏ4 పేజీ తీసుకుని నాలుగు మార్జిన్లూ సున్నా చేయండి. లోపల రంగు లేని, సన్న గీత దీర్ఘచతురస్రాలు ఒకదానిలో ఒకటి గీయండి. గీసినదాన్ని ఎంచుకుని ఎఫ్4 నొక్కితే స్థానం, సైజు అంకెల్లో ఇవ్వవచ్చు. మొదటిది ఎడమ నుంచీ పై నుంచీ 3 మి.మీ. దగ్గర మొదలై 204 × 291 ఉండాలి. రెండోది 5 దగ్గర, 200 × 287. మూడోది 8 దగ్గర, 194 × 281. నాలుగోది 10 దగ్గర, 190 × 277. ఐదోది 13 దగ్గర, 184 × 271. ప్రతి గీత పక్కన దాని అంకె వేయండి. పేజీ మధ్యలో సరిగ్గా 100 మి.మీ. పొడవున ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి ‘కొలత’ అని పేరు పెట్టి దాచుకోండి. ఈ పేరు కమాండ్‌లో మళ్లీ వస్తుంది, ఇంగ్లీషు అక్షరాల పేరైతే టైపు చేయడం తేలిక.

దీన్ని స్కేలింగ్ లేకుండా ముద్రించి స్కేలుతో చూడండి.

మధ్య గీత సరిగ్గా 100 ఉండి, 3 మి.మీ. చట్రం మాత్రమే నాలుగు వైపులా పోయి, 5 మి.మీ. చట్రం నిండుగా ఉంటే వ్యవస్థలో తప్పేమీ లేదు. అది యంత్రం వదిలే ఖాళీ. డాక్యుమెంట్‌లో మార్జిన్ తక్కువగా పెట్టారంతే.

గీత 100 ఉండి, ఒక కొసన మాత్రం 13 మి.మీ. చట్రం కూడా పోతే ఏ4, లెటర్ తగాదా. ఏ4 అంటే 210 × 297 మి.మీ., లెటర్ 215.9 × 279.4. ఏ4 ఎత్తులో 17.6 మి.మీ. ఎక్కువ, వెడల్పులో 5.9 తక్కువ. ఏ4 పేజీని లెటర్ అనుకుని ముద్రిస్తే ఆ 17.6 ఎక్కడో ఒకచోట పోవాలి. పేజీని నడిమికి సర్దే ఫిల్టర్ ఉంటే పైన 8.8, కింద 8.8 చొప్పున పంచుకుంటుంది, లేకుంటే మొత్తం ఒకే కొసన పోతుంది. దీనికి యంత్రం ఖాళీ అదనం.

గీత 96కు దగ్గరగా వస్తే ఎవరో పేజీని ముద్రించదగిన భాగంలోకి కుదించారు. 210 లోంచి రెండు పక్కల 4.23 తీసేస్తే మిగిలేది 201.5, అంటే 96 శాతం. 94 వస్తే ఏ4 పేజీ మొత్తాన్ని లెటర్ ఎత్తుకు కుదించారు. 91 వస్తే లెటర్ కాగితం మార్జిన్ల లోపలికి కుదించారు. 92 వస్తే ఎక్కువగా రెండు సార్లు కుదింపు జరిగినట్టు: ప్రోగ్రామ్ ఒకసారి, కప్స్ ఇంకోసారి. 96లో 96 శాతం 92 కదా. ఈ నాలుగు అంకెలూ దగ్గర ఉంచుకుంటే, ఏ సెట్టింగ్ తెరవకముందే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

గీత 100 ఉండి, ఎడమ ఖాళీ పెరిగి, కుడి అంతే మేర తెగితే పేజీ జరిగింది. ఇది వేరే జబ్బు, కింద పీపీడీ దగ్గర చూద్దాం. పేజీలో ఒక మూల మాత్రమే రెట్టింపు సైజులో వచ్చి మిగతాది కాగితం బయటికి పోతే అసలు మార్జిన్ సంగతే కాదు. 300, 600 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) మధ్య డ్రైవర్‌కూ ప్రింటర్‌కూ పొంతన కుదరలేదు. సరైన డ్రైవర్‌తో క్యూ (కప్స్‌లో ఆ ప్రింటర్ నమోదు) మళ్లీ చేర్చండి.

దారిని రెండుగా చీల్చండి

అదే కొలత పేజీని ఏ ప్రోగ్రామూ మధ్యలో లేకుండా నేరుగా కప్స్‌కు ఇవ్వండి. ముందు క్యూ పేరు కావాలి. ‘ఎల్‌పీస్టాట్ -పి -డి’ అంటే క్యూల పేర్లూ, డిఫాల్ట్ ఏదో చెబుతుంది. తర్వాత:

ఎల్‌పీ -డి క్యూపేరు -ఓ మీడియా=ఏ4 -ఓ ప్రింట్-స్కేలింగ్=నన్ కొలత.పీడీఎఫ్

ఏ4లోని ‘ఏ’ మాత్రం ఇక్కడ పెద్ద అక్షరం. ఇది సరిగ్గా వచ్చి, బొమ్మల వ్యూయర్ నుంచో బ్రౌజర్ నుంచో పంపినప్పుడే తెగితే తప్పు ప్రోగ్రామ్ వైపుది. ఇది కూడా తెగితే ప్రోగ్రామ్‌లో ఎంత వెతికినా దొరకదు. కప్స్‌లోనో, దాని కిందో ఉంది.

ఇంకో చీలిక కూడా సాధ్యమే. పీడీఎఫ్‌ను స్వయంగా చదవగల ప్రింటర్ అయితే ఫైల్‌ను యూఎస్‌బీ స్టిక్‌లో పెట్టి ప్రింటర్ ముందు ప్యానెల్ నుంచే ముద్రించండి. యూఎస్‌బీ సౌకర్యం లేని నెట్‌వర్క్ ప్రింటర్‌కు, నెట్‌క్యాట్ అనే కమాండ్ ఉంటే, ఫైల్‌ను 9100 పోర్ట్‌కు నేరుగా పంపవచ్చు. అలా కూడా తెగితే లైనక్స్‌ను వదిలేసి ప్రింటర్ మెనూలోకి వెళ్లాలి.

ఏ4, లెటర్ తగాదా ఎక్కడ మొదలవుతుంది

చాలామంది లైనక్స్‌ను అమెరికా ఇంగ్లీషులో ఇన్‌స్టాల్ చేసుకుంటారు. ఆ లొకేల్‌తో (భాష, ప్రాంతం అమరికతో) పాటు కాగితం సైజు కూడా లెటర్‌గా వచ్చేస్తుంది. ‘లొకేల్ -కె ఎల్‌సీ_పేపర్’ అని అడగండి, చివరి మాట మొత్తం పెద్ద అక్షరాల్లో. ఎత్తు 297, వెడల్పు 210 అని వస్తే ఏ4. 279, 216 అని వస్తే లెటర్.

భాష మార్చుకోవాల్సిన పని లేదు. కాగితానికి మాత్రం వేరే లొకేల్ ఇవ్వవచ్చు. డెబియన్, ఉబుంటు కుటుంబంలో /ఈటీసీ/డిఫాల్ట్/లొకేల్ ఫైల్‌లో, ఫెడోరా, ఆర్చ్ వంటి వాటిలో /ఈటీసీ/లొకేల్.కాన్ఫ్‌లో ఎల్‌సీ_పేపర్ అనే వరుస చేర్చి బ్రిటన్ ఇంగ్లీషు లొకేల్ ఇవ్వండి. ఆ లొకేల్ సిస్టమ్‌లో తయారై ఉండాలి, లేకుంటే ఆ వరుస ఉన్నా లేనట్టే. లాగౌట్ అయి మళ్లీ రండి. డెబియన్ కుటుంబంలో /ఈటీసీ/పేపర్‌సైజ్ అనే ఫైల్ కూడా ఉండవచ్చు. అందులో ఒక్క మాటే ఉంటుంది, అది ఏ4 అయి ఉండాలి.

ఇంత చేసినా పాత ప్రింటర్ మొండికేయడం మామూలే. కారణం చిన్నది. కప్స్ లొకేల్‌ను చూసి డిఫాల్ట్ కాగితం నిర్ణయించేది క్యూ కొత్తగా చేర్చేటప్పుడు మాత్రమే. లెటర్ కాలంలో చేరిన క్యూ లెటర్‌గానే ఉండిపోతుంది. దాన్ని విడిగా మార్చాలి:

ఎల్‌పీఆప్షన్స్ -పి క్యూపేరు -ఎల్

ఇక్కడ చివరి ‘-ఎల్’ చిన్న అక్షరం. వచ్చే జాబితాలో పేజ్‌సైజ్ వరుస చూడండి. ఏ సైజు ముందు నక్షత్రం గుర్తు ఉందో అదే ఇప్పటి డిఫాల్ట్. లెటర్ ముందు ఉంటే:

సుడో ఎల్‌పీఅడ్మిన్ -పి క్యూపేరు -ఓ పేజ్‌సైజ్=ఏ4

పేజ్‌సైజ్‌లో పేజ్, సైజ్ రెండింటి మొదటి అక్షరాలూ, ఏ4లోని ‘ఏ’ కూడా పెద్దవి. కమాండ్ వద్దనుకుంటే బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 631 పోర్ట్ తెరిచి, ప్రింటర్ పేజీలో ‘సెట్ డిఫాల్ట్ ఆప్షన్స్’ ఎంచుకుని మీడియా సైజ్ మార్చినా అదే పని.

ఇక్కడో దొంగ ఉన్నాడు. ఎల్‌పీఆప్షన్స్ కమాండ్‌ను మామూలు యూజర్ ‘-ఓ’తో ఎప్పుడైనా నడిపితే, ఆ ఎంపికలు హోమ్ ఫోల్డర్‌లో .కప్స్ అనే దాగిన ఫోల్డర్‌లో ఎల్‌పీఆప్షన్స్ ఫైల్‌గా కూర్చుంటాయి. రూట్‌గా నడిపితే /ఈటీసీ/కప్స్‌లో కూర్చుంటాయి. సర్వర్ డిఫాల్ట్ మీద ఈ ఫైళ్లదే పైచేయి. ఎల్‌పీఅడ్మిన్‌తో ఏ4 పెట్టి, వెబ్ పేజీలో కూడా ఏ4 కనిపిస్తూ, ముద్రణ మాత్రం లెటర్‌గా వస్తుంటే ఎప్పుడో రాసుకున్న ఒక వరుస ఈ ఫైల్లో ఉన్నట్టే. ఒకే కంప్యూటర్‌లో ఒక యూజర్‌కు బాగా వచ్చి మరొకరికి తెగడానికీ మామూలు కారణం ఇదే. ‘ఎల్‌పీఆప్షన్స్ -ఎక్స్ క్యూపేరు’ ఆ క్యూకు సంబంధించిన యూజర్ ఎంపికలన్నీ తుడిచేస్తుంది.

ఫైల్ వైపు కూడా చూడాలి. ‘పీడీఎఫ్‌ఇన్ఫో’ కమాండ్ పేజీ సైజును పాయింట్లలో చెబుతుంది. 595 × 842 అయితే ఏ4, 612 × 792 అయితే లెటర్. దానికే ‘-బాక్స్’ చేరిస్తే మీడియాబాక్స్ (పూర్తి కాగితం కొలత), క్రాప్‌బాక్స్ (కనిపించాల్సిన భాగం) వంటివన్నీ విడివిడిగా వస్తాయి. పత్రికల కోసం తయారైన పీడీఎఫ్‌లలో మీడియాబాక్స్ ఏ4 కంటే పెద్దదిగా, కత్తిరింపు గుర్తులతో ఉంటుంది. తెర మీద వ్యూయర్ క్రాప్‌బాక్స్ చూపిస్తుంది కాబట్టి తేడా కనిపించదు. లాటెక్ వాడేవాళ్లకు ఇంకొకటి: ఆర్టికల్ క్లాస్‌కు ఏ4పేపర్ ఆప్షన్ ఇవ్వకపోతే లెక్కలు లెటర్‌కు జరుగుతాయి. పేజీ ఏ4గా బయటికొచ్చినా అక్షరాల చట్రం పక్కకు జరిగినట్టుంటుంది.

స్కేలింగ్: ఐదు మాటల మధ్య తేడా

సైజులన్నీ ఏ4 దగ్గర కుదిరాక కూడా అంచు తెగుతుంటే స్కేలింగ్ చూడాలి. ప్రింట్-స్కేలింగ్ అనే ఆప్షన్‌కు ఐదు విలువలున్నాయి: ఆటో, ఆటో-ఫిట్, ఫిట్, ఫిల్, నన్. నన్ అంటే పేజీని తాకదు, అంచులో ఉన్నది పోతుంది. ఫిట్ అంటే పేజీ మొత్తాన్ని ముద్రించదగిన భాగంలోకి కుదిస్తుంది. ఏదీ పోదు, అన్నీ కాస్త చిన్నవవుతాయి. ఫిల్ అంటే ఖాళీ మిగలకుండా కాగితం నింపుతుంది, నిష్పత్తి కుదరని వైపు నిస్సంకోచంగా కోస్తుంది. ఫొటోలకు బాగుంటుంది. డాక్యుమెంట్‌కు ఎంచుకుంటే కోత మనం అడిగి తెచ్చుకున్నదే.

ఆటో దగ్గర తికమక. పేజీ కాగితం కంటే పెద్దదైతేనే ఇది పనిచేస్తుంది. కాగితానికి మార్జిన్లు ఉంటే ఫిట్ లాగా, మార్జిన్లు సున్నా ఉంటే ఫిల్ లాగా. ఏ4 పేజీని ఏ4 కాగితం మీద ముద్రిస్తే రెండూ సమానం కాబట్టి ఆటో ఏమీ చేయదు. అంచు దాకా అక్షరాలున్న పేజీ అలాగే వెళ్లి తెగుతుంది. మార్జిన్‌లేని కాగితం రకం పొరపాటున ఎంపికై ఉంటే, అదే ఆటో పెద్ద పేజీని ఫిల్‌గా మార్చి కోస్తుంది. ఒకే సెట్టింగ్ రెండు రకాలుగా ప్రవర్తిస్తోందనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

మా సలహా: అక్షరాల డాక్యుమెంట్లు ఎక్కువగా ముద్రించే క్యూకు ఫిట్ పెట్టండి. కొలతలు తప్పకూడని ఫారాలు, లేబుళ్లు, ఇంజినీరింగ్ డ్రాయింగులకు నన్ ఇవ్వండి. వాటికి కుదింపు కంటే అంచు కోతే నయం, ఎందుకంటే 96 శాతానికి కుదించిన లేబుల్ షీట్‌లో అయిదో వరుసకు వచ్చేసరికి అక్షరాలు స్టిక్కర్ దాటిపోతాయి. ఒకే ప్రింటర్‌కు రెండు పేర్లతో రెండు క్యూలు పెట్టుకుని ఒకదానికి ఫిట్, ఇంకోదానికి నన్ పెట్టుకోవడం అన్నిటికంటే సుఖం. పాత పుస్తకాల్లో కనిపించే ఫిట్-టు-పేజ్ ఆప్షన్ ఫిట్ లాంటిదే.

పేజ్-లెఫ్ట్, పేజ్-టాప్ అనే ఆప్షన్లతో మార్జిన్లు మార్చమని సలహాలు తరచూ వినిపిస్తాయి. అవి మామూలు టెక్స్ట్ ఫైళ్ల కోసం. ఆఫీస్ ప్రోగ్రామ్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌లో మార్జిన్ అప్పటికే గడ్డకట్టి ఉంటుంది, ఆ ఆప్షన్లు దాన్ని కదపలేవు.

ఒక్క ఫైల్‌తోనే ఇబ్బంది అయితే క్యూ ముట్టుకోకుండా ఫైల్‌నే సర్దేయవచ్చు. పీడీఎఫ్‌జామ్‌కు ఏ4పేపర్, స్కేల్ 0.95 ఇస్తే అన్ని పేజీలనూ నడిమికి కుదించి కొత్త ఫైల్ రాస్తుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో పీడీఎఫ్‌రైట్ డివైస్‌తో, కాగితం ఏ4 అని స్థిరపరిచి, పీడీఎఫ్‌ఫిట్‌పేజ్ చేరిస్తే లెటర్ ఫైల్ ఏ4గా మారుతుంది.

పీపీడీలోని నాలుగు అంకెలు

కప్స్ పెట్టుకునే పీపీడీ ఫైళ్లు /ఈటీసీ/కప్స్/పీపీడీ ఫోల్డర్‌లో క్యూ పేరుతో ఉంటాయి. అందులో ఇమేజబుల్‌ఏరియా అనే వరుసలు ప్రతి కాగితం సైజుకూ ఒకటి చొప్పున కనిపిస్తాయి. ఏ4 వరుసలో ‘12 12 583 830’ అని ఉందనుకుందాం. మూలబిందువు కాగితం ఎడమ కింది మూల. మొదటి రెండు అంకెలు ముద్రణ మొదలయ్యే ఎడమ, కింది దూరాలు. తర్వాతి రెండు ముద్రణ ముగిసే కుడి, పై దూరాలు. అన్నీ పాయింట్లు, 72 పాయింట్లు ఒక అంగుళం. 595 లోంచి 583 తీసేస్తే 12, 842 లోంచి 830 తీసేస్తే 12. అంటే నాలుగు వైపులా 4.2 మి.మీ.

ఈ అంకెలు ప్రింటర్‌ను శాసించవు, దాని గురించి మిగతావాళ్లకు చెబుతాయి. ప్రింటర్ నిజంగా కింద 36 పాయింట్లు వదిలేదైతే, పీపీడీ 12 అని చెబితే, ఫిట్ కూడా తప్పుడు చట్రంలోకి కుదించి కింది 24 పాయింట్లు, అంటే 8.5 మి.మీ., పోగొడుతుంది. ఫిట్ పెట్టినా తెగుతోంది అంటే ఈ వరుసనే అనుమానించాలి.

ఇందాక వాయిదా వేసిన జరుగుడు సంగతి కూడా ఇక్కడిదే. చాలా రాస్టర్ డ్రైవర్లు (పేజీని చుక్కల బొమ్మగా మార్చేవి) కాగితం మొత్తం బొమ్మ పంపవు. ముద్రించదగిన భాగాన్నే పంపుతాయి. ప్రింటర్ ఆ బొమ్మను తన సొంత మొదలు నుంచి వేస్తుంది. పీపీడీ ఎడమ 12 అంటూ, ప్రింటర్ 18 దగ్గర మొదలుపెడితే పేజీ మొత్తం 6 పాయింట్లు, అంటే 2.1 మి.మీ. కుడికి జరుగుతుంది, కుడి అంచు ఆ మేర తెగుతుంది. డాక్యుమెంట్‌లో కుడి మార్జిన్ పెంచితే కోత పోతుంది గానీ పేజీ జరుగుడు అలాగే ఉంటుంది.

మార్చాలనుకుంటే ఉన్న ఫైల్‌ను అక్కడే దిద్దకండి. నకలు తీసుకుని, కొలత పేజీలో వచ్చిన మిల్లీమీటర్లను 2.835తో గుణించి పాయింట్లు చేసుకుని, సంబంధిత వరుస మార్చండి. సొంత సైజు కాగితాలు వాడితే హెచ్‌డబ్ల్యూమార్జిన్స్ వరుస కూడా మార్చాలి. అక్కడ క్రమం ఎడమ, కింద, కుడి, పైన. కప్స్‌టెస్ట్‌పీపీడీతో తప్పులు లేవని చూసుకుని, ‘ఎల్‌పీఅడ్మిన్ -పి క్యూపేరు -పి ఫైల్’తో ఎక్కించండి. మొదటి ‘పి’ చిన్నది, రెండోది పెద్దది. ఆ తర్వాత తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లు మూసి మళ్లీ తెరవండి, పాత మార్జిన్లను గుర్తుపెట్టుకునే అలవాటు వాటికుంది.

గుటెన్‌ప్రింట్ డ్రైవర్ వాడుతుంటే పీపీడీ దిద్దేముందు దాని ఆప్షన్లలో ‘ష్రింక్ పేజ్ ఇఫ్ నెసెసరీ టు ఫిట్ బార్డర్స్’ ఒకసారి చూడండి. అందులో ష్రింక్, క్రాప్, ఎక్స్‌పాండ్ అని మూడుంటాయి. క్రాప్ మీద ఉంటే కోత అక్కడే పడుతోంది.

డ్రైవర్‌లేని ప్రింటర్లు

ఇటీవలి ప్రింటర్లు డ్రైవర్ అడగవు. ఐపీపీ అనే నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతి ద్వారా తమ కాగితాలు, మార్జిన్లు అన్నీ తామే చెబుతాయి, కప్స్ దాన్నిబట్టి అప్పటికప్పుడు పీపీడీ తయారు చేసుకుంటుంది. కప్స్ 3తో పీపీడీలే పోతున్నాయి కాబట్టి ముందుముందు అందరి దారీ ఇదే. అవసరం పడినప్పుడు పుట్టి, పని అయ్యాక మాయమయ్యే తాత్కాలిక క్యూలు కూడా ఇందులో ఉంటాయి. అలాంటి క్యూ పీపీడీలో ఏం దిద్దినా నిలవదు.

ప్రింటర్ ఏం చెబుతోందో అడిగి తెలుసుకోవచ్చు. ఐపీపీటూల్‌కు ‘-టీవీ’, ప్రింటర్ చిరునామా, గెట్-ప్రింటర్-యాట్రిబ్యూట్స్ టెస్ట్ ఫైల్ ఇస్తే పెద్ద జాబితా వస్తుంది. అందులో మీడియా-బాటమ్-మార్జిన్-సపోర్టెడ్ వంటి నాలుగు వరుసలు వెతకండి. అంకెలు మిల్లీమీటర్‌లో నూరో వంతులు: 423 అంటే 4.23 మి.మీ., 300 అంటే 3. ఒక్కోసారి ‘0, 300’ అని రెండుంటాయి. సున్నా అంటే మార్జిన్‌లేని ముద్రణకు, 300 అంటే మామూలు ముద్రణకు.

ఆ సున్నాయే చాలా కోతలకు మూలం. కాగితం జాబితాలో ఏ4తో పాటు ‘ఏ4.బోర్డర్‌లెస్’ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది డిఫాల్ట్ అయి కూర్చుంటే ప్రోగ్రామ్ అంచు దాకా చోటు ఉందని నమ్ముతుంది. మామూలు కాగితం మీద ప్రింటర్ ఆ పని చేయలేక కోసేస్తుంది. ఫొటో కాగితం మీద చేసినా, తెల్ల అంచు మిగలకుండా బొమ్మను కాస్త పెద్దది చేసి చుట్టూ పొంగిస్తుంది, కాబట్టి అక్కడా అంచులోని అక్షరాలు పోతాయి. డాక్యుమెంట్లకు ఎప్పుడూ బోర్డర్‌లెస్ కాని ఏ4నే ఎంచుకోండి. తాత్కాలిక క్యూతో విసిగిపోతే ఎల్‌పీఅడ్మిన్‌తో ‘-ఎమ్ ఎవ్రీవేర్’ ఇచ్చి స్థిరమైన క్యూ చేర్చుకుంటే డిఫాల్ట్ సైజు నిలుస్తుంది.

ప్రోగ్రామ్‌లు

ఎవిన్స్ ప్రింట్ డైలాగ్‌లో ‘పేజ్ హ్యాండ్లింగ్’ ట్యాబ్ ఉంది. అక్కడ స్కేలింగ్ నన్, ష్రింక్, ఫిట్ అని మూడు. ష్రింక్ పెద్ద పేజీలను తగ్గిస్తుంది గానీ చిన్నవాటిని పెంచదు, రోజువారీకి అదే మంచిది. ఒకుల్యర్‌లో పీడీఎఫ్ ఆప్షన్ల కింద ముద్రించదగిన భాగానికి కుదించాలా, కాగితం మొత్తానికా, అసలు సైజా అని అడుగుతుంది. రెండోది ఎంచుకుంటే అంచు పోవచ్చు. ఈ వ్యూయర్లలో కుదించి, క్యూలో కూడా ఫిట్ పెడితేనే ఇందాకటి 92 మి.మీ. గీత వస్తుంది. ఒక్కచోటే కుదించండి.

లిబ్రెఆఫీస్‌లో పేజీ సైజు ప్రింట్ డైలాగ్‌ది కాదు, పేజీ స్టైల్‌ది. ఫార్మాట్ మెనూలో పేజ్ స్టైల్ తెరిచి కాగితం ఏ4 అని, మార్జిన్లు యంత్రం ఖాళీ కంటే ఎక్కువని చూసుకోండి. మార్జిన్ మరీ తగ్గిస్తే ముద్రణ పరిధి దాటిందని అదే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికకు ‘అవును’ నొక్కేసి తర్వాత ప్రింటర్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ. ఒక డాక్యుమెంట్‌లో రెండు పేజీ స్టైళ్లుంటే మొదటి పేజీ ఒకలా, మిగతావి ఇంకోలా వస్తాయి. కాల్క్‌లో నిలువు వరుసలు పక్క పేజీకి పోవడం కోత కాదు. పేజ్ స్టైల్‌లో షీట్ ట్యాబ్‌కు వెళ్లి, వెడల్పుకు ఒక పేజీ అని స్కేలింగ్ ఇస్తే సరిపోతుంది.

ఫైర్‌ఫాక్స్‌లో మార్జిన్లు ‘నన్’ ఉంటే హెడర్, ఫుటర్ యంత్రం ఖాళీలోకి వెళ్లి తెగుతాయి. ‘మినిమమ్’ పెడితే ప్రింటర్ చెప్పిన మార్జిన్‌ను గౌరవిస్తుంది. క్రోమియంలో పీడీఎఫ్ ముద్రించేటప్పుడు స్కేల్ దగ్గర ‘ఫిట్ టు పేపర్’ కాకుండా ‘ఫిట్ టు ప్రింటబుల్ ఏరియా’ ఎంచుకోవాలి. గింప్‌లో ‘ఇగ్నోర్ పేజ్ మార్జిన్స్’ గడిలో టిక్ ఉంటే తీసేయండి.

ప్రింటర్ దగ్గర

ప్యానెల్ మెనూలో ట్రేకు కాగితం సైజు విడిగా ఉంటుంది. అది లెటర్ మీద ఉండి కంప్యూటర్ ఏ4 పంపితే కొన్ని ప్రింటర్లు ఆగి కాగితం అడుగుతాయి, కొన్ని మాట్లాడకుండా కోసేస్తాయి. హెచ్‌పీ లేజర్‌జెట్లలో చాలావాటికి ‘ఓవర్‌రైడ్ ఏ4/లెటర్’ అనే సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే ఏ4 పనిని లెటర్ కాగితం మీదా, లెటర్ పనిని ఏ4 మీదా అడగకుండా ముద్రిస్తుంది. ఏ4 కోత వెతికేటప్పుడు ఆఫ్ చేసి చూడండి, ఎక్కడ పొంతన లేదో ప్రింటరే ఆగి చెబుతుంది.

ప్రతి పేజీకీ కోత మారుతుంటే, ఒకసారి 1 మి.మీ., ఒకసారి 3 మి.మీ., సాఫ్ట్‌వేర్‌కు సంబంధం లేదు. ట్రేలో పక్క గైడ్లు వదులుగా ఉన్నాయి, లేదా కాగితం లాగే రోలర్ జారుతోంది. సాఫ్ట్‌వేర్ తప్పు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది.

లాగ్‌లో అయిదో మాట

అన్నీ సరిచూసినా లెక్క కుదరకపోతే ఏం ఆప్షన్లు నిజంగా వెళ్తున్నాయో కప్స్‌నే అడగాలి. ‘కప్స్‌సీటీఎల్ --డీబగ్-లాగింగ్’ నడిపి, కొలత పేజీని ఒకసారి తెగే ప్రోగ్రామ్ నుంచి, ఒకసారి పైన చెప్పిన ఎల్‌పీ కమాండ్‌తో పంపండి. లాగ్ /వార్/లాగ్/కప్స్‌లో ఎర్రర్_లాగ్ ఫైల్‌లో ఉంటుంది, ఫెడోరా వంటి వాటిలో జర్నల్‌సీటీఎల్‌కు ‘-యు కప్స్’ ఇస్తే వస్తుంది. ఒక్కో పనికి ఫిల్టర్ మొదలయ్యే చోట ఆర్గ్‌వీ[5] అని ఉన్న వరుస వెతకండి. ప్రోగ్రామ్, డైలాగ్, యూజర్ ఫైల్, క్యూ డిఫాల్ట్ అన్నీ కలిశాక మిగిలిన ఆప్షన్ల జాబితా అదే. రెండు పనుల జాబితాలు పక్కపక్కన పెట్టి మీడియా, పేజ్‌సైజ్, ప్రింట్-స్కేలింగ్ చూడండి. తెగిన పనిలో మాత్రమే ఉన్న మాట ఏదో అది పంపిన చోటుకు వెళ్లి మార్చాలి. రెండు జాబితాలూ ఒకటే అయితే తేడా ప్రోగ్రామ్ పంపిన పీడీఎఫ్‌లోనే ఉంది: ఆ ప్రోగ్రామ్ నుంచే ‘ప్రింట్ టు ఫైల్’ చేసి, వచ్చినదానికి పీడీఎఫ్‌ఇన్ఫో పెట్టి చూడండి. పని అయ్యాక ‘కప్స్‌సీటీఎల్ --నో-డీబగ్-లాగింగ్’ మరవకండి, ఆ లాగ్ చాలా వేగంగా పెరుగుతుంది.